మేజర్ పేరిట పట్టా

చెన్నకేశవరావు పేరెత్తితే ఐలేశం ఇప్పటికీ పక్కకు తిరిగి ఉమ్మేస్తాడు; కుక్క ఎక్కడ కాలెత్తితే ఆ నేల ఆ కుక్క పేరిట పట్టా అయ్యే ఆ జిల్లాలో, కుక్క అడుగైనా పెట్టని మెట్టచెల్కను కుక్కకు రాయించిన మొనగాడు ఆయనొక్కడే. ఉమ్మేశాక ఐలేశం మళ్ళీ పోయి ఆయన కారే తుడుస్తాడు. డ్రైవరు కదా.

నిబంధనలో తప్పు పట్టడానికేమీ లేదు. సర్వేయర్లు చాలక ఫైళ్ళు పేరుకుపోయిన కాలంలో రెవెన్యూ శాఖ వారు ఆలోచించి, హద్దులు పెట్టే విద్య మనిషికంటే ముందు కుక్కకే తెలుసునని, గొలుసులూ కొలతలూ తర్వాత వచ్చినవేనని తేల్చారు. అయితే అన్ని కుక్కలకూ ఈ అధికారం లేదు. జాతి సర్టిఫికెట్టు ఉండాలి, మెడకు బిళ్ళ ఉండాలి, కారులో ప్రయాణం చేస్తూ ఉండాలి. వీధికుక్క పోస్తే అది కంపు. కాగితాలున్న కుక్క పోస్తే అది హక్కు. ఇంటి గేటు దగ్గర పోసింది లెక్కకు రాదు, అది ఎలాగూ వాళ్ళదే. ప్రయాణంలో పోసిందే చెల్లుతుంది.

చెన్నకేశవరావు రోడ్ల కాంట్రాక్టరు. ఆయన వేసిన రోడ్డు ఒక వానకు కొట్టుకుపోయేది గానీ, ఆ రోడ్డు మీద ఆయన కుక్క చేసిన ప్రయాణం మాత్రం శాశ్వతంగా నిలిచేది. కుక్క పేరు మేజర్. దూడంత ఉంటుంది, పడుకుంటే వెనక సీటు నిండిపోతుంది. ఆదివారం పొద్దున దానికి పుచ్చకాయ తినిపించి, ముంతెడు మజ్జిగ తాగించి కారెక్కించేవారు. ఏ ఊరి శివారులో దించాలో రావు ముందే చెప్పేవాడు. అక్కడిదాకా దాన్ని బిగబట్టించడం ఐలేశం పని. గుంతల్లో కారు కుదపకూడదు, వాగు పక్కన అద్దం దించకూడదు, నీళ్ళ చప్పుడు దాని చెవిన పడకూడదు. ఏడో తరగతితో బడి మానేసిన ఐలేశానికి ఈ పనిలో జిల్లాలో మంచి పేరే ఉండేది. ఆ పేరు తలుచుకుని వాడు కొంచెం గర్వపడేవాడు కూడా. జీతగాడికి గర్వం యజమాని ఇచ్చే బోనసు లాంటిది, ఖర్చు లేనిది.

ఊళ్ళవాళ్ళు కూడా నిబంధనకు తగ్గట్టే సర్దుకున్నారు. కుక్కకు కాలెత్తడానికి నిలువుగా ఏదో ఒకటి కావాలి. అందుకని దారి పొడుగునా హద్దురాళ్ళు పీకేశారు, కంచె కట్టెలు పడుకోబెట్టారు, వేపచెట్లు కొట్టేశారు. ఒక ఊళ్ళో గట్టు మీద చుట్ట తాగుతూ నిలబడ్డ ముసలాయన మోకాలి మీద మేజర్ కాలెత్తితే, ఆయన నిలబడ్డ మేరకే గాక ఆయన పేరున ఉన్నదంతా పోయింది. అప్పటినుంచి కారు హారను వినబడగానే చేలల్లో ఉన్నవాళ్ళందరూ చప్పున కింద కూర్చునేవారు. చూసేవాళ్ళకు అది మర్యాదలా కనిపించేది. చెన్నకేశవరావు అద్దంలోంచి చూసి చెయ్యూపేవాడు.

ఐలేశానికీ రోడ్డు పక్కన చెల్క ఉంది. తండ్రి రాళ్ళు ఏరి ఏరి సాపు చేసిన నేల. పత్తి వేస్తే పత్తి, కంది వేస్తే కంది. ఇల్లు గడిచేది దాని మీదనే. జీతం చెన్నకేశవరావుకు గుర్తొచ్చినప్పుడు వచ్చేది. భార్య రాజవ్వ రోజూ ఒకటే పోరు.

“ఏమయ్యా, ఊరి భూములన్ని ఆ కుక్కతోని తడిపిస్తున్నవు. రేపు మన చెల్కల గూడ కాలెత్తదా?”

“నా చేతిల స్టీరింగున్నంతదాక ఎత్తది. అది నా మాట ఇంటది.”

“నీ మాట కుక్క ఇంటది, నువ్వు దొర మాట ఇంటవు. నా మాట ఇనెటోడెవ్వడు?”

ఐలేశం నవ్వేశాడు. తమ చెల్క వచ్చే ముందు పాటలు పెంచి, కారు వేగంగా పోనిచ్చేవాడు. అట్లా ఆ నేలను కాపాడుకుంటూ వచ్చాడు.

ఆ ఎండాకాలం రాజధానిలో చెన్నకేశవరావు వియ్యంకుడింట్లో పెళ్ళి వచ్చింది. మేజర్ లేకుండా ఆయన కదలడు. చిక్కల్లా దారిదే. పెద్దరోడ్డుకు రెండు పక్కలా ఉన్నవి మామూలు రైతుల భూములు కావు. ఒకటి ఎమ్మెల్యే బావమరిదిది, ఒకటి సిమెంటు కంపెనీది, ఇంకొకటి ఎవరిదో పైకి చెప్పరు. అక్కడ మేజర్ కాలెత్తితే వాళ్ళ కుక్కలు కార్లెక్కి ఇటు వస్తాయి. ఇంతకుముందు ఇద్దరు పెద్దమనుషుల కుక్కలు ఒకే స్తంభానికి పోస్తే, పై తడి ఎవరిది, కింది తడి ఎవరిది అని హైకోర్టు ఇంకా విచారిస్తోంది.

“ఐలేశం, తొవ్వ పొంటి ఎక్కడ దించకు,” అన్నాడు రావు. “కార్లనే ఏదన్న ఏర్పాటు జెయ్యి.”

“కార్లనా సారూ?”

“ఏం, ఇమానంల పోతలేరా మనుషులు?”

ఐలేశం రేకు ట్రే ఒకటి చేయించి డిక్కీలో పెట్టి తాలీము మొదలుపెట్టాడు. పాత పేపర్లు పరిచాడు. మేజర్ వాసన చూసి తుమ్మింది. గోనెపట్టా వేశాడు, దాని మీద పడుకుంది. ఇసుక పోస్తే కాలితో చిమ్మి అద్దాలన్నీ పాడుచేసింది. దానికి అలవాటైంది పండే నేల. నాగలి తగిలిన మన్ను కాకపోతే దానికి రాదు. ఇన్నాళ్ళు దానికి నేర్పింది అదే మరి.

మన్ను ఎవరి చేలోంచి తేవాలనేది ఐలేశానికి పెద్ద ఆలోచనైంది. ఇంకొకరి గట్టు మీద గడ్డపార వేస్తే దొంగతనం. అడిగితే ఇవ్వరు, పైగా కుక్క కోసమంటే కొడతారు. నాలుగు ఊళ్ళ ఉసురు ఇప్పటికే తగిలింది, ఇంకొకరిది ఎందుకని తన చెల్కలోంచే రెండు గంపలు తవ్వాడు. నడుమ ఒక పత్తికట్టె గుచ్చాడు. మేజర్ ఒకసారి చుట్టూ తిరిగి, వాసన చూసి, హాయిగా కాలెత్తింది. ఐలేశం చప్పట్లు కొట్టాడు.

ప్రయాణం బ్రహ్మాండంగా జరిగింది. టీ కోసం కారు ఆపినప్పుడల్లా డిక్కీ తెరవడం, మేజర్ దానిలోకి ఎక్కి పని కానిచ్చుకుని రావడం. సిమెంటు కంపెనీ కాపలావాడు తుపాకీ పట్టుకుని చూస్తున్నా ఒక్క చుక్క బయట పడలేదు. చెన్నకేశవరావు సంతోషం పట్టలేకపోయాడు.

“శభాష్‌రా! గిసుంటి బుద్ధి మా ఇంజినీర్లకు గూడ లేదు. ఏడిదిరా గీ మన్ను?”

“ఎవ్వలిదో అయితే బాగుండదని నాదే తెచ్చిన సారూ. మా చెల్కల మన్ను.”

“నీదేనా?” అన్నాడు రావు. టీ గ్లాసు కింద పెట్టి, కొంచెం దూరం నడిచి, ఎవరికో ఫోన్ చేసి మెల్లగా మాట్లాడి వచ్చాడు. ఐలేశం ఆ లోపల మేజర్ కాళ్ళు తుడిచాడు.

పెళ్ళి నుంచి తిరిగి వచ్చేసరికి చెల్కలో సర్వేయరు ఉన్నాడు. రావు పెళ్ళింటి నుంచే పంపించిన ట్రే మన్నూ చెల్కలోని మన్నూ ఒకటేనని పరీక్షలో తేలిందట. రాజవ్వ శాపనార్థాలు పెడుతుంటే ఆయన నొచ్చుకోకుండా టేపు చుట్టుకుంటున్నాడు. ఐలేశం తహసీల్దారు ఆఫీసుకు పరుగెత్తాడు. మేడమ్ ఓపిగ్గా కూర్చోబెట్టి మాట్లాడింది.

“కుక్క నా చెల్క మొఖం గూడ చూడలేదు మేడమ్.”

“నిజమే. చెల్కే కుక్క దగ్గరికి వచ్చింది. తెచ్చింది ఎవరు?”

“నేనే మేడమ్. రెండు గంపలే తెచ్చిన. ఆ రెండు గంపలే రాసుకోండ్రి.”

“అట్లా ముక్కలు చేసే వీల్లేదయ్యా. మిగతావాళ్ళ భూమిలో మాత్రం కుక్క అంతా తడుపుతుందా? ఒక రాయి మీద పోస్తుంది, సర్వే నంబరు మొత్తం వస్తుంది. నీకొక్కడికి వేరే చట్టం పెడితే వాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళ భూములప్పుడు డ్రైవరు నువ్వే కదా, నీకు తెలియంది కాదు.”

అడ్డం చెప్పడానికి ఐలేశానికి ఒక్క తప్పూ దొరకలేదు. వాళ్ళకు చెల్లిందే తనకూ చెల్లింది. బయట వరండాలో అటెండరు ఊరడించాడు.

“బాధపడకు కాకా. నీ భూమి మంచి కుక్కకే పోయింది. కరిసే కుక్కైతే ఏం జేస్తుంటివి?”

పాసుబుక్కులో పట్టాదారు పేరు మేజర్, తండ్రి పేరు చెన్నకేశవరావు అని అచ్చయింది. ఫోటోలో మేజర్ నాలుక బయటపెట్టి ఉంది. ఐలేశాన్ని పనిలోంచి తియ్యలేదు. అంత అన్యాయస్తుణ్ణి కాదని రావు నలుగురిలో చెప్పుకున్నాడు. చెల్కను కౌలుకు కూడా వాళ్ళకే ఇచ్చాడు. పంటలో సగం మేజర్ తిండికి పోతుంది.

ట్రేలో ఇంకే మన్ను పోసినా మేజర్ ఇప్పుడు కాలెత్తదు. దూరప్రయాణం ఉన్నప్పుడల్లా ఐలేశం ఆ చెల్కలోనే తవ్వాలి. అది పరాయి భూమి కాబట్టి ముందు అనుమతి తీసుకోవాలి. మేజర్ పంజాకు సిరా పూసి కాగితం మీద నొక్కించుకునేది కూడా తనే. తవ్విన చోట గుంత పడి వాన నీళ్ళు నిలుస్తున్నాయి.

మొన్న ఆ దారినే పోతుంటే చెల్కలో రాజవ్వ కలుపు తీస్తూ నడుము ఎత్తి నిలబడి కనిపించింది. ఐలేశం అలవాటుగా పాటలు పెంచబోయి, ఇంక అవసరం లేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు. హారను మాత్రం కొట్టాడు. రాజవ్వ కారును చూసింది, లోపల ఉన్నది తన మొగుడని చూసింది, అందరిలాగే కింద కూర్చుంది. వెనక సీట్లో చెన్నకేశవరావు చెయ్యూపాడు. మేజర్ అటు చూడనైనా లేదు, ఆవులించింది.

పోయింది ఒక ఎకరం పదకొండు గుంటలు.