మ్యాచ్ భోజనాల తర్వాత

"రాష్ట్రంలో ఫుట్‌బాల్ ఇకమీదట గోదావరి మోడల్‌లో నడుస్తుంది!" అని క్రీడల మంత్రి పెదబాబుగారు లాకులపేట డిగ్రీ కాలేజీ వేదిక మీద ప్రకటించగానే, ముందు వరసలో కూర్చున్న కోచ్ ఉదయ్‌భాస్కర్ కళ్ళు చెమర్చాయి. గోదావరి మోడల్ అంటే ఏమిటో మంత్రిగారికి తెలియదు. తెలియని విషయాన్ని అంత గట్టిగా చెప్పడం అందరివల్లా అయ్యే పని కాదు.

ధవళేశ్వరం పక్కనున్న ఆ కాలేజీ జట్టు పదకొండేళ్ళుగా ఓడిపోలేదు. టోర్నమెంటు ఏటా అక్కడే జరుగుతుంది, ఎందుకంటే మిగతా కాలేజీల మైదానాల్లో వడ్లు ఆరబోస్తారు. అంత గొప్ప కోచ్ ఉద్యోగం మాత్రం పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టుదే. ప్రతి జూన్‌లోనూ మళ్ళీ వేసుకోండంటూ అర్జీ పట్టుకుని ప్రిన్సిపాల్ గుమ్మం దగ్గర నిలబడాలి. ప్రిన్సిపాల్ ప్రతిసారీ ఆయన్ని కొత్తగా చూసినట్టు చూస్తారు.

"ఈ ఫైనల్ గెలవండి కోచ్ గారూ. ఆ సాయంత్రమే పర్మనెంట్ ఆర్డరు, రాష్ట్ర జట్టు కోచ్ పదవీ ఇచ్చేస్తాను" అన్నారు మంత్రిగారు.

ఉదయ్‌భాస్కర్ ఇంటికెళ్ళి భార్య రాజరాజేశ్వరితో ఆ మాట చెప్పాడు. ఆవిడ "ఎంతమందికి వండాలి?" అని అడిగింది. గోదావరి మోడల్ అంటే అదే.

పదకొండేళ్ళ క్రితం, ఉద్యోగం ఊడే దశలో, సామర్లకోట జట్టు మ్యాచ్‌కి వచ్చింది. ఊరికొచ్చిన పిల్లల్ని ఆకలితో ఆడిస్తారా అని రాజరాజేశ్వరి పట్టుబట్టి ఇంట్లో భోజనాలు పెట్టింది. ముద్దపప్పు, ఆవకాయ, కందాబచ్చలి కూర, గుత్తివంకాయ, పూర్ణాలు, గడ్డపెరుగు. రెండున్నరకి విజిల్ ఊదితే సామర్లకోట గోల్‌కీపర్ గోలుపోస్టుకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. లాకులపేట ఆరు గోల్స్ కొట్టింది. ఉదయ్‌భాస్కర్‌కి అప్పుడు ఫుట్‌బాల్ అర్థమైంది.

అప్పట్నుంచి జట్టు సాధనంతా వడ్డన మీదే. మ్యాచ్ రోజున మన ఆటగాళ్ళకి రెండు అరటిపళ్ళు, గ్లాసు మజ్జిగ. అది తాగి వాళ్ళు ఎదుటి జట్టుకి వడ్డించాలి. వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోయడంలో కెప్టెన్ చినబాబుని మించినవాడు రెండు జిల్లాల్లో లేడు. రాజధాని నుంచి వచ్చిన నిపుణుడొకాయన ఈ జట్టు మీద నలభై పేజీల రిపోర్టు రాసి, ప్రత్యర్థి ద్వితీయార్ధంలో కుప్పకూలడానికి కారణం 'మానసిక ఒత్తిడి' అని తేల్చాడు. ఆయన కూడా ఇక్కడ భోంచేసే వెళ్ళాడు.

ఫైనల్‌కి ప్రత్యర్థి జంగారెడ్డిగూడెం జట్టు, వాళ్ళు రావడం ఇదే మొదటిసారి. తేదీ మంత్రిగారి సిద్ధాంతిగారు పెట్టారు. కార్తీక సోమవారం, దివ్యమైన ముహూర్తం.

"కార్తీక సోమవారం కదండీ, ఉపవాసాలుంటారేమో కనుక్కోండి" అంది రాజరాజేశ్వరి.

"ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు ఉపవాసం ఉంటారటే?" అన్నాడు అజేయుడైన కోచ్. అయినా మాసం కదా అని ఉల్లి, వెల్లుల్లి మాత్రం మానిపించాడు.

సోమవారం పన్నెండున్నరకి జంగారెడ్డిగూడెం కోచ్ ఏసురాజు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి వాకిట్లోనే చేతులు జోడించాడు.

"ఏమీ అనుకోవద్దండి. పిల్లలంతా ఉపవాసమండి. చుక్క చూశాకే భోజనం."

"మీరు?" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"నేను చర్చికెళ్ళేవాణ్ణేనండి. కానీ పిల్లలు పస్తుంటే నాకు ముద్దెలా దిగుద్దండీ?"

"అయితే చుక్క చూశాక తప్పకుండా ఇక్కడికే రావాలి, బాబూ" అంది రాజరాజేశ్వరి. వాళ్ళు కొబ్బరినీళ్ళు తాగి మైదానంలోకి పోయి పరుగులు మొదలుపెట్టారు.

అంతలో మంత్రిగారు దిగారు. ఉపవాసం ఉండొద్దని ఆయనకి డాక్టరు గట్టిగా చెప్పాడు. అనుచరులతో, రిఫరీతో కలిసి పంక్తిలో కూర్చుని, గంటె పట్టుకుని నిలబడ్డ లాకులపేట జట్టుని చూశారు.

"వీళ్ళు తిన్నారా?"

"మ్యాచ్ ఉందండి, తినకూడదండి" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"ఆటగాళ్ళకి బలం వద్దటయ్యా? కూర్చోండర్రా! ఇది నా ఆర్డరు!"

చినబాబు కోచ్ వంక చూశాడు. "సార్, మూడేళ్ళ నుంచి వడ్డిస్తున్నామండి. వాసన తప్ప రుచి ఎరగమండి." అంటూనే కూర్చున్నాడు. మంత్రిగారి ఆర్డరు ఆ ప్రభుత్వంలో అంత వేగంగా అమలైంది అదొక్కటే. గిన్నెల్లో మెతుకు మిగల్లేదు.

రెండున్నరకి మ్యాచ్ మొదలైంది. చినబాబు మొదటి బంతిని తన్నబోయి, ఆలోచించి, మానుకున్నాడు. మూడో గోల్ పడేసరికి డిఫెన్స్‌లో ఇద్దరు కూర్చున్నారు, ఐదోది పడేసరికి గోల్‌కీపర్ పడుకున్నాడు. రిఫరీ మధ్యగీత దాటి రాలేదు. తొమ్మిది సున్నా. పద్నాలుగేళ్ళ అర్జీలూ కళ్ళముందు తిరిగి ఉదయ్‌భాస్కర్‌కి ఏడుపొచ్చింది.

వేదిక మీద మంత్రిగారు తొలి నిమిషం నుంచీ గాఢనిద్రలో ఉన్నారు. చివరి విజిల్‌కి ఉలిక్కిపడి లేచి, పీఏ చేతిలోని ఉపన్యాసం లాక్కుని చదివేశారు. "అజేయమైన లాకులపేటకి అభినందనలు! ఈ విజయం గోదావరి మోడల్‌ది! రాష్ట్ర జట్టు కోచ్‌గా ఉదయ్‌భాస్కర్ గారు వచ్చే నెల తొలి మ్యాచ్ జంగారెడ్డిగూడెం కొత్త స్టేడియంలో ఆ ఊరి జట్టుతోనే ఆడిస్తారు!"

పీఏ చెవిలో ఏదో చెప్పబోయాడు. కప్పు మీద లాకులపేట పేరు చెక్కించి వారమైందని గుర్తొచ్చి ఊరుకున్నాడు. విలేకరులు కూడా భోంచేసినవాళ్ళే. పర్మనెంట్ ఆర్డరు ఉదయ్‌భాస్కర్ చేతిలో పడింది. నాలుగుసార్లు చదువుకున్నాడు.

ఆరింటికి వాకిట్లో అలికిడైంది. ఏసురాజు, వెనకాల జట్టంతా.

"చుక్కొచ్చిందండి. అమ్మగారు రమ్మన్నారు కదాని..."

రాజరాజేశ్వరి మొహం పాలిపోయింది. ఆ ఇంటికొచ్చిన ఏ జట్టూ ఇన్నేళ్ళలో ఖాళీ కడుపుతో వెళ్ళలేదు. పొయ్యి వెలిగించి, మొగుడి చేతిలో ఆర్డరు తీసి అటక మీద పెట్టి, వంకాయలూ కత్తిపీటా ఇచ్చింది. రాష్ట్ర జట్టు కోచ్ వంకాయలు తరిగాడు. వడ్డించాడు కూడా. కుర్రాళ్ళు చేతులు అడ్డం పెడితే అలవాటు కొద్దీ వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోశాడు.

కప్పు సంగతి ఏసురాజు ఎత్తనే లేదు. మూడోసారి పెరుగు వేయించుకుని, వెనక్కి వాలి, తృప్తిగా త్రేన్చాడు. తన పిల్లల్ని చూశాడు. ఇద్దరు విస్తరి ముందే కళ్ళు మూస్తున్నారు. కాసేపు ఆలోచించి, ఉదయ్‌భాస్కర్ వైపు తిరిగి నవ్వాడు.

"వచ్చే నెల మీ రాష్ట్ర జట్టు ఆడేది మాతోనే కదండీ. ఆ రోజు భోజనాలు మావండి. కాదనకూడదు."

ఉదయ్‌భాస్కర్ చేతిలో గంటె ఆగిపోయింది.

"ఎంత మాట, తప్పకుండా వస్తారండి" అంది రాజరాజేశ్వరి. "పన్నెండున్నరకల్లా."