సంఘటనలు జరగని ప్రాంతం

ఒక దేశపు సైనికబలాన్ని ఫిరంగులను బట్టి అంచనా వేసేవాళ్లకు యుద్ధం గురించి ఏమీ తెలియదు. దాన్ని మంచుకుప్పల మూలలను బట్టి అంచనా వేయాలి. లెఫ్టినెంట్ జనరల్ ప్రోఖోర్ అవ్దేయెవిచ్ క్రుతీలిన్ డివిజన్‌లో, ఆకాశం నుంచి ఇష్టమొచ్చినట్టు రాలిన మంచు తెల్లారేసరికి నలుపలకల దిమ్మెలుగా మారి, ఆవరణ పొడవునా వరుసగా నిలబడేది. ఏ దిమ్మె మూల అయినా గుండ్రంగా కనిపిస్తే దాని తాలూకు సార్జెంటుకు ఆ ఆదివారం ఊళ్లోకి వెళ్లే యోగం ఉండేది కాదు. (శత్రువు ఎన్నడూ ఆ వైపు రాలేదు. మూలలు చూసి జంకి ఉంటాడని డివిజన్‌లో గట్టి నమ్మకం.)

అయితే జనరల్‌కు లోలోపల కావలసింది మంచు కాదు, ఒక వాక్యం. ఉదయం ఆయన గుమ్మం దాటగానే డ్యూటీ అధికారి మేజర్ లప్తేవ్ ఎదురొచ్చి, చెయ్యి టోపీకి ఆనించి అరిచేవాడు: “కామ్రేడ్ జనరల్! నా డ్యూటీ సమయంలో ఎలాంటి అవాంఛనీయ సంఘటనా జరగలేదు!”

ఆ మాట చెవిన పడగానే జనరల్ పక్కటెముకల వెనక ఎప్పుడూ బిగిసి ఉండే పిడికిలి ఒకటి మెల్లగా విచ్చుకునేది. అది ఎప్పటిదో ఆయనకు తెలుసు. చిన్నప్పుడొక రోజు నాన్న ఫ్యాక్టరీ నుంచి తిరిగి రాలేదు. ఇంటి నిండా తెలియని బూట్లు, ఎవరెవరివో గుసగుసలు. అమ్మ తలుపు దగ్గర నిలబడి, “ఏమీ కాలేదురా, పడుకో” అంది. ఆయన పడుకున్నాడు. నాన్న ఇక రాలేదు. కానీ ఆ మాటలోని వెచ్చదనం మాత్రం అబద్ధం కాదనే ఆయన లోపలి మనిషి ఈనాటికీ నమ్ముతున్నాడు.

కనుక పదవీ విరమణ చేసిన మర్నాడు ఆయన వంటింటి గుమ్మంలో నిటారుగా నిలబడ్డాడు. భార్య ఆంగెలీనా క్యాబేజీ తరుగుతోంది.

“ఏమిటలా స్తంభంలా నిలబడ్డావు?”

“ఏం లేదు. ఏమైనా చెప్తావేమోనని.”

“చెప్పడానికేం, బోలెడున్నాయి. పాలు పొంగిపోయాయి. స్నానాలగది కుళాయి కారుతోంది. మీ తమ్ముడు మళ్లీ తాగుడు మొదలెట్టాడట.”

జనరల్ కుర్చీలో కూలబడ్డాడు. పౌరజీవితమంటే కేవలం సంఘటనలేనని, వాటి మధ్య కాస్త సూప్ ఉంటుందని ఆయనకు ఎవరూ ముందుగా చెప్పలేదు.

మనుషులు రాజకీయాల్లోకి రకరకాల కారణాలతో వస్తారు. జనరల్ క్రుతీలిన్ ఒక వాక్యం కోసం వచ్చాడు. ‘క్రమం–వెచ్చదనం’ పార్టీ తరఫున జవ్యూజ్స్క్ ప్రాంతపు గవర్నర్ పదవికి నిలబడ్డాడు. ఎన్నికల సభల్లో ఆయన చాలాసేపు మౌనంగా జనం కళ్లలోకి చూసి, “క్రమం ఉంటుంది. వెచ్చగా ఉంటుంది” అని దిగిపోయేవాడు.

“మాట్లాడటం చేతకాదు పాపం,” అంది ఆయన పక్కవాటాలో ఉండే గ్లఫీరా ముసలమ్మ, బజారులో దోసకాయ ఊరగాయ బేరమాడుతూ. “అంటే దొంగ కాడన్నమాట.”

ఆ తర్కం మీదే ఆయన గెలిచాడు.

కొత్త గవర్నర్ మొట్టమొదటి ఉత్తర్వు సంక్షిప్తంగా ఉంది. ప్రతి విభాగాధిపతీ రోజూ ఉదయం తన ఎదుట నిలబడి నివేదించాలి. నివేదిక ‘ఎలాంటి అవాంఛనీయ సంఘటనా జరగలేదు’ అనే మాటలతోనే మొదలుకావాలి. ఆపైన ఇంకేమైనా చెప్పదలిస్తే నిరభ్యంతరంగా చెప్పుకోవచ్చు. (ఎవరూ చెప్పదలచుకోలేదు.) పర్యవేక్షణకు లప్తేవ్‌ను సైన్యం నుంచి రప్పించారు.

ఫలితాలు శాస్త్రవేత్తలను సైతం కలవరపరిచాయి. మార్చి నెలకల్లా ప్రాంతంలో దొంగతనాలు ఆగిపోయాయి. అగ్నిప్రమాదాలు ‘అదనపు వెలుతురు’గా మారాయి. నదిలో కూలిన వంతెన ‘అడుగుభాగంలో సేవలందిస్తోంది’ అని రవాణా విభాగం తెలిపింది. వీధుల్లో మంచు చక్కగా నలుపలకలైంది. మాస్కోలో ఎవరో పటం మీద జవ్యూజ్స్క్ దగ్గర వేలు పెట్టి, “ఇక్కడ ఏమీ జరగదా? అలాంటి మనిషి మనకు ఇక్కడ కావాలి” అన్నారని వార్త వచ్చింది. మంత్రి పదవట. ఏ శాఖో ఇంకా తేలలేదు గానీ, ఏమీ జరగకూడని శాఖ అయితే ఆయనకే ఇస్తారట.

అప్పుడు మళ్లీ జనవరి వచ్చింది. జనరల్ ఉండే వీధి కింద, ఇళ్లను వెచ్చబరిచే వేడినీటి గొట్టం పగిలింది.

(గవర్నర్ భవంతిని ఆయన వద్దన్నాడు. సైనికుడికి మూడు గదుల వాటా చాలు. ఈ నిరాడంబరత ఆయనను కూడా అందరితో సమానంగా గడ్డకట్టించింది.)

మొదటి రోజు ఆంగెలీనా శాలువా కప్పుకుంది. రెండో రోజు బొచ్చుకోటు. మూడో రోజు టీ గిన్నెలో చెంచా కదలకపోతే ఆమె దాన్ని తీసుకొచ్చి భర్త ముందు పెట్టింది.

“ప్రోఖోర్, ఇదేమిటో చెప్పు.”

“టీ.”

“దీన్ని సుత్తితో తాగమంటావా? నీతోపాటు ముప్పై ఏళ్లు బ్యారక్‌ల్లో ఉన్నాను, ఏనాడైనా ఏడ్చానా? ఇప్పుడూ ఏడవను. శనివారంలోగా నువ్వు ఎవరితోనైనా సరే, నోరు తెరిచి ‘మా ఇంట్లో చలిగా ఉంది’ అని ఒక్కసారి అను. గొట్టం బాగవకపోయినా ఫరవాలేదు. అనకపోతే మా అక్క దగ్గరికి సరాతోవ్ వెళ్లిపోతాను. మళ్లీ రాను.”

ఆమె అబద్ధం ఆడదని ఆయనకు తెలుసు. ఆ ఇంట్లో నిజం చెప్పే విభాగం ఆమె ఒక్కతే.

మర్నాడు ఆయన తాపన విభాగాధిపతి షుమీలిన్‌ను ఆపాడు.

“మా వీధిలో ఏం జరిగింది?”

“ఎలాంటి అవాంఛనీయ సంఘటనా జరగలేదు, ప్రోఖోర్ అవ్దేయెవిచ్!”

“మా ఇంట్లో నీళ్లు గడ్డకట్టాయి.”

షుమీలిన్ సానుభూతిగా తల పంకించాడు. “అది సంఘటన కాదండీ. ఉష్ణోగ్రత.”

“గొట్టం పగిలిందయ్యా! రోడ్డు మీద ఆవిరి లేస్తోంది!”

“లేస్తోందండీ. చుట్టూ మంచు దిమ్మెలు కట్టించాం. మూలలు తమరే చూడండి, కత్తితో కోసినట్టు ఉంటాయి. తవ్వాలంటే సంఘటన అని ప్రకటించాలి. ప్రకటించే అధికారం తమరిది. ప్రకటిస్తే అది మాస్కోకు వెళ్తుంది. మరి...” అని అతను పైకప్పు వైపు, అంటే మంత్రి పదవి వైపు, గౌరవంగా చూశాడు.

మెట్ల మీద గ్లఫీరా ముసలమ్మ ఎదురైంది. నెత్తిన రెండు టోపీలు, చంకలో పిల్లి.

“నాయనా గవర్నరూ, క్రమం బాగా కుదిరింది. సభల్లో చెప్పిన ఆ రెండోదాన్ని ఎక్కడ దింపావు? నా పిల్లి అడుగుతోంది.”

ఆయన పిల్లికి సెల్యూట్ చేయబోయి ఆగాడు. చలికి కొంకర్లు పోయిన వేళ్లు చాచుకోలేదు.

శనివారం ఉదయం మాస్కో నుంచి ఫోన్ వచ్చింది. ఆంగెలీనా పెట్టె సర్దుకుని, నడవాలో బూట్లు తొడుక్కుని, ప్రయాణానికి ముందు ఆ దేశంలో అందరూ ఆనవాయితీగా కూర్చునేట్టే స్టూలు మీద ఓ నిమిషం కూర్చుంది. అక్కడినుంచి ఆమెకు భర్త వీపు కనిపిస్తోంది.

“ప్రోఖోర్ అవ్దేయెవిచ్!” అంది అవతలి గొంతు, ఉల్లాసంగా. “ఇక్కడ అంతా తయారు. చివరగా మాటవరసకు అడుగుతున్నా. మీ దగ్గర ఎలా ఉంది?”

‘చలిగా ఉంది.’ చిన్న మాట. ఆయన నాలుక చివరికి వచ్చి కూర్చుంది కూడా. అన్నట్టయితే ఏమవుతుంది? తవ్వుతారు. ఆమె బూట్లు విప్పుతుంది. కానీ అదే క్షణంలో ఆయన లోపల ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంది. ఇంటి నిండా తెలియని బూట్లు. ఈ మాట అంటే ఆనాటి నుంచి జరగకుండా ఆపి ఉంచినవన్నీ వరుసగా జరగడం మొదలుపెడతాయి. మొట్టమొదట నాన్న చనిపోతాడు.

“ఎలాంటి అవాంఛనీయ సంఘటనా జరగలేదు,” అన్నాడు జనరల్. నోటి నుంచి తెల్లటి ఆవిరి వచ్చింది.

“మా దగ్గరా అంతేలెండి,” అంది మాస్కో. వెనక ఎవరో దగ్గుతున్నారు.

ఆయన తిరిగి చూసేసరికి స్టూలు ఖాళీగా ఉంది. తలుపును నెమ్మదిగా, చప్పుడు కాకుండా వేసి వెళ్లింది. బ్యారక్‌ల్లో నేర్చుకున్న అలవాటు.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. జనరల్ క్రుతీలిన్‌ను కుటుంబ సంక్షేమ మంత్రిగా నియమించారు. ఉదయాన్నే కారుతో వచ్చిన లప్తేవ్ తలుపు తెరిచి, మంచు పేరుకున్న నడవాలో ఖాళీ స్టూలునీ, ఓవర్‌కోటుతోనే కూర్చున్న తన జనరల్‌నీ చూశాడు. ఒక్క క్షణం అతని ముఖంలో ఏదో కదిలింది. తరువాత మడమలు కలిపి, చెయ్యి టోపీకి ఆనించాడు.

“కామ్రేడ్ జనరల్! ఇంట్లో నమోదైనవారు ఇద్దరు. హాజరు ఒకరు. సెలవులో ఒకరు. ఎలాంటి అవాంఛనీయ సంఘటనా జరగలేదు!”

జనరల్ పక్కటెముకల వెనక పిడికిలి మెల్లగా విచ్చుకుంది.

“విశ్రామ్,” అన్నాడాయన.