ఒకే వంటగది, రెండు క్యాంపస్‌లు

మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వడం నాగరికత. ఎంచుకున్నాక ఎందుకని అడగడం పరిపాలన. ఈ రెండూ ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద కూర్చుని పనిచేసే చోటుకు క్యాంపస్ సర్దుబాటు కార్యాలయం అని పేరు. ఆ గదిలోకి సాక్షిగా వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చాను కనుక, జరిగింది జరిగినట్టు చెప్పే బాధ్యత నా మీద పడింది.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఆ గోడకు అవతల ఒక వదిన, ఒక మరదలు, వాళ్ళిద్దరి నడుమ ఒక లిఫ్టు మెకానిక్ ఉంటారు. మెకానిక్ ఒకరికి మొగుడు, ఇంకొకరికి అన్న. (పైకీ కిందికీ కాకుండా మధ్యలో ఇరుక్కోవడం ఆయనకు వృత్తిరీత్యా అలవాటే.) నాలుగేళ్ళ పాప కూడా ఉంది కానీ, ఆ పిల్ల ఏ పక్షమూ కాదు. వదిన కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షించేది. మరదలు ల్యాబులో రక్తం తీసేది. ఒకరు కళ్ళు పెద్దవి చేయమనీ, ఇంకొకరు పిడికిలి బిగించమనీ చెప్పుకుంటూ కొన్నేళ్ళు గడిపాక, ఇద్దరికీ ఒక్కసారే పై చదువు మీద మనసు పోయింది. వంటగది గట్టు మీద పుస్తకం ఆనించి, ఒకరు గరిటె తిప్పుతుంటే ఇంకొకరు పేజీ తిప్పుతూ చదివారు. ఇద్దరికీ ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సులో సీట్లొచ్చాయి. ఆ రోజు గోడ అవతలి నుంచి వచ్చిన కేకలకు మా ఇంట్లో క్యాలెండరు ఊడి కింద పడింది.

ఫిజీషియన్ అసిస్టెంట్ అంటే ఎవరో తెలియనివాళ్ళకు ఒక మాట. డాక్టరు రాకముందు రోగిని చూసేది, డాక్టరు వెళ్ళాక ఆయన ఏమన్నాడో రోగికి విడమరిచి చెప్పేది ఆ మనిషే.

ఈ కోర్సుకు రెండు క్యాంపస్‌లున్నాయి. తూర్పు క్యాంపస్ పాత పెద్దాసుపత్రిని ఆనుకుని ఉంటుంది. గోడలు పెచ్చులూడుతుంటాయి గానీ వార్డుల నిండా రోగులుంటారు, చదువుకునే తల్లుల పిల్లల కోసం ఒక ఆటల గది కూడా ఉంది. ఇంటి నుంచి స్కూటరు మీద అరగంట. పడమటి క్యాంపస్ అద్దాల మేడ. బయట పచ్చిక, లోపల చల్లటి గాలి, మంచాల మీద రబ్బరు బొమ్మలు. అక్కడ కొరతల్లా రోగులకే. ఎవరైనా దారి తప్పి దగ్గుతూ లోపలికొస్తే విద్యార్థులు చుట్టూ మూగి, దగ్గు తగ్గాక కూడా ఆయన్ని వదలరట. అక్కడికి పోవాలంటే రెండు బస్సులు మారాలి. మొదటి బస్సు తెల్లవారకముందే వెళ్ళిపోతుంది. రెండోది దాని ఇష్టం.

ఇద్దరూ తూర్పే కావాలనుకోవడంలో వింతేమీ లేదు. అభ్యర్థుల ఇష్టాలు తెలుసుకోవడానికి ‘క్యాంపస్ మిత్ర’ అని ఒక యాప్ ఉంది. మీకు ఈ క్యాంపస్ ఎందుకు నచ్చిందని అది అడిగింది. జవాబులు మూడే: నచ్చింది, చాలా నచ్చింది, వేరే దారి లేదు. ఇద్దరూ మూడోదే నొక్కారు. యాప్ కాసేపు గిర్రున తిరిగి, “అభినందనలు. మీ వంటగదిలో ఇంకొక అభ్యర్థి ఉన్నట్టు గుర్తించాం. మీలో ఒకరికి పడమటి క్యాంపస్” అంది.

దీన్నే ఒకే వంటగది నియమం అంటారు. ఒక పొయ్యి మీద వండింది తినే ఇద్దరు ఒకే క్యాంపస్‌లో చదవకూడదు. పూర్వం ఎవరో అక్కాచెల్లెళ్ళకు ఒకే రోజు కడుపునొప్పి వచ్చి తరగతి హాజరు శాతం పడిపోయిందట. పెద్దలు సమావేశమై, వంట మార్చడం తమ పరిధిలో లేదు కనుక చదువును విడదీశారు. అయితే నియమానికి ఒక మినహాయింపు ఉంది. ఆ ఇద్దరికీ బొత్తిగా పడదని రుజువైతే ఇద్దరినీ ఒకే చోట చేర్చుకోవచ్చు. (పడనివాళ్ళకు కడుపునొప్పి కూడా కలిసి రాదని నిపుణుల అభిప్రాయం కాబోలు.)

“మనకి పడదని చెబుదాం వదినా, ఒక్క పూట పని,” అంది మరదలు.

“పడదంటే ఎందుకు పడదని అడుగుతారు. అప్పుడేం చెబుతావ్?”

“చెప్పడానికేముంది, కల్పిద్దాం.”

ఆదివారం మధ్యాహ్నం పక్కింట్లో గొడవ రిహార్సలు మొదలైంది. నన్ను ప్రేక్షకుల కింద పిలిచారు. మరదలు నడుము మీద చెయ్యి పెట్టి, “నీ వంట నోట పెట్టలేక చస్తున్నాను” అంది. వదిన అందుకోవాల్సింది పోయి, “నిన్న బాగుందన్నావు కదే” అని బిక్కమొహం పెట్టింది. మళ్ళీ మొదలెట్టారు. ఈసారి మరదలికి నవ్వాగలేదు. పాప మాత్రం ఇద్దరి మాటలూ కంఠస్థం పట్టి, మర్చిపోయిన చోటల్లా అందించింది. మెకానిక్ తలుపు దగ్గర నిలబడి, “ఇది తేలే పని కాదు” అన్నాడు. ఆ ఇంట్లో ఆయన వెలిబుచ్చిన అభిప్రాయం నేను వినడం అదే మొదలు.

విచారణ రోజు అందరం సర్దుబాటు అధికారి ముందు కూర్చున్నాం. ఆయన బల్ల మీద ‘నిర్ణయం మీదే’ అని ఒక చెక్క పలక ఉంది. అది ఆయన వైపుకు తిరిగి ఉంది.

ముందు మెకానిక్‌ను పిలిచారు.

“మీ భార్యకీ మీ చెల్లెలికీ పడదా?”

“పడదండీ.”

“ఎందుకు పడదు?”

మెకానిక్ ఇద్దరి వైపూ చూశాడు. “కనుక్కుని చెబుతానండీ.”

తర్వాత గోడ పంచుకున్న సాక్షిగా నా వంతు వచ్చింది. నిజమే చెబుతానని ముందుగా ప్రమాణం చేయించారు. అదే కొంప ముంచింది.

“గోడ అవతల నుంచి మీకేమైనా వినబడుతుందా?”

“వినబడుతుంది సార్. చప్పుళ్ళు.”

“ఎలాంటి చప్పుళ్ళు?”

“నవ్వులు,” అన్నాను. మరదలు నా కాలు తొక్కింది, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆఖరికి వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి దెబ్బలాడమన్నారు. పాపం, నేర్చుకున్నదంతా తడుముకోకుండా అప్పజెప్పారు. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అమ్మా, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వింటున్నారు. దీన్ని గొడవ అనరు, చర్చ అంటారు. చర్చించుకునేవాళ్ళకు మినహాయింపు లేదు. పడమటికి ఎవరు వెళ్తారో సాయంత్రంలోగా చెప్పండి. చెప్పకపోతే యాప్ చెబుతుంది,” అన్నాడు.

వసారాలోకి వచ్చాం. బెంచీ మీద ఎవరికి వాళ్ళం కూర్చున్నాం. ముందు వదిన అంది.

“నేను పోతాలే పడమటికి. నువ్వు తూర్పులో చేరు.”

“తెల్లవారకముందు నువ్వు బస్సెక్కితే పాప సంగతేంటి? వద్దు. నేనే మానేస్తా. ల్యాబులో నా కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.”

“మానేస్తావా? ఎవరిని అడిగి?”

“ఎవర్నడగాలి? నా సీటు, నా ఇష్టం.”

“మానేసి? ‘మా వదిన కోసం చదువొదులుకున్నాను’ అని కనబడ్డ చుట్టం దగ్గరల్లా చెప్పుకోవడానికా? ఆ పాపం నేను జన్మంతా మోయాలా?”

“నేనా చెప్పుకునేది? పెళ్ళయిన కొత్తలో నీ పుస్తకాలు మావాళ్ళు అటకెక్కించారని ఇప్పటిదాకా—”

“ఎక్కించలేదా మీ అమ్మ?”

“దించింది ఎవరు? నిచ్చెనేసుకుని, బూజు దులిపి, నీ ముందు పెట్టి, చదువు వదినా చదువు వదినా అని కాళ్ళావేళ్ళా పడింది—”

“అదే చెబుతున్నా. దించినదాన్ని ఇంట్లో కూర్చోబెట్టి నేను పోయి చదువుకుంటే నేను మనిషినా?”

“కాదు. మొండిదానివి. నువ్వు మానేస్తే నీ మొహం చూడను.”

“నువ్వు మానేస్తే నేనసలు ఆ ఇంట్లోనే ఉండను.”

ఇద్దరి గొంతులూ పైకప్పుకు తగిలాయి. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. పక్క గదుల్లోంచి గుమాస్తాలు తొంగి చూశారు. అటెండరు ఎవరూ చెప్పకుండానే ఒక కుర్చీ తెచ్చి తలుపు దగ్గర వేశాడు. అన్నానికి బయల్దేరిన సర్దుబాటు అధికారి చేతిలో డబ్బా అలాగే పట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నాడు. రోగిని చూసిన వైద్యుడిలా తల పంకించాడు.

“ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వడం లేదు. పాత సంగతులు తవ్వుతున్నారు. చుట్టాల ప్రస్తావన కూడా వచ్చింది. లక్షణాలన్నీ ఉన్నాయి.”

“అయ్యో, ఇది గొడవ కాదు సార్. మేమిద్దరం...” అని వదిన కళ్ళు తుడుచుకుంటూ చెప్పబోయింది.

అప్పుడు మెకానిక్ లేచాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇద్దరి మధ్యా వేలు పెట్టని మనిషి, చేతులు కట్టుకుని, “గొడవేనండీ. ఇంట్లోనైతే ఇంతకన్నా ఎక్కువ,” అన్నాడు.

అధికారి ముచ్చటపడ్డాడు. “నా సర్వీసులో ఇంత నిఖార్సైన వైరం చూడలేదు,” అని డబ్బా పక్కన పెట్టి, అక్కడికక్కడే ముద్ర తెప్పించి వేశాడు. ఇద్దరికీ తూర్పు క్యాంపస్. షరతు ఒకటే. వైరాన్ని కోర్సు పూర్తయ్యేదాకా నిలబెట్టుకోవాలి. ఆవరణలో మాట్లాడుకుంటూ కనబడితే ఒకరిని వెంటనే పడమటికి పంపిస్తారు. (చదువులో వెనకబడితే మాత్రం మూడు అవకాశాలిస్తారు.)

ఆ సాయంత్రం గోడ అవతల ఎంతకీ అలికిడి లేదు. నాకు భయమేసింది. చాలాసేపటికి ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినబడింది. దాని వెనకే నవ్వు, ఆ నవ్వు వెనక ఇంకో నవ్వు. క్యాలెండరుకు నేను అప్పటికే రెండో మేకు కొట్టి ఉంచాను.

తరగతులు మొదలయ్యాయి. ఇద్దరూ ఒకే స్కూటరు మీద, మధ్యలో పాపను కూర్చోబెట్టుకుని పోతారు. దారి పొడుగునా కబుర్లే. గేటు రాగానే మాట ఎక్కడున్నది అక్కడ తెగిపోతుంది. పొద్దున గేటు బయట ఆగిన వాక్యం సాయంత్రం గేటు బయట పూర్తవుతుంది. లోపల అవసరం పడితే పాపను మధ్యవర్తిగా పెట్టుకుంటారు. “అత్తతో చెప్పు, చెవిలో పెట్టుకునే గొట్టం నా సంచిలో ఉంది” అని తల్లి అంటే, పాప ఆటల గదిలోంచి పరిగెత్తి, “అత్తా, అమ్మ సంచిలో గొట్టముంది, నీతో మాట్లాడదట” అని వార్డంతా వినేలా చెప్పి వస్తుంది. తనిఖీకి వచ్చిన ఉద్యోగి అది విని, ‘వైరం తృప్తికరంగా ఉంది, తర్వాతి తరానికి కూడా అందుతోంది’ అని రాసుకుపోయాడు.

చదువు మాత్రం భేషుగ్గా సాగుతోంది. వదిన రోగి కళ్ళు చూసి సగం చెప్పేస్తుంది. మరదలు సూది గుచ్చితే పిల్లలు కూడా ఏడవరు. సాయంత్రాలు గోడ అవతల నుంచి ఎముకల పేర్లు పాటలా వినబడతాయి. నాక్కూడా సగం వచ్చేశాయి.

మొన్న వాళ్ళ వార్డులోకి ఒక పెద్దాయన వచ్చాడు. మెట్ల మీద జారి తుంటి విరిగింది. ఆపరేషనుకు ఆయన గుండె తట్టుకుంటుందో లేదో కనుక్కోమని ఎముకల డాక్టరు ఒక చీటీ రాసి, ఆయన్ని చక్రాల బల్ల మీద గుండె విభాగానికి పంపించాడు. గుండె డాక్టరు ఆ చీటీ వెనకాలే, ఏ ఆపరేషనో రాయలేదు కనుక చెప్పలేనని రాసి తిప్పి పంపాడు. ఏ ఆపరేషనో రాసి మళ్ళీ పంపించారు. రాత అర్థం కాలేదని పెద్దాయన మళ్ళీ తిరిగొచ్చాడు. రెండు విభాగాలకూ మధ్య అడ్డం ఒక తలుపు, అదీ తెరిచే ఉంటుంది. మూడోసారి బల్ల తోస్తూ మరదలికి ఓపిక నశించింది.

“సిస్టర్, ఈయన్ని ఇలా తిప్పే బదులు, ఆ డాక్టర్లిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోవచ్చు కదా?” అని అక్కడున్న ముసలి నర్సును అడిగింది.

నర్సు పెద్దాయన దుప్పటి సరిచేస్తూ, తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

“వాళ్ళు సొంత అన్నదమ్ములమ్మా. అప్పట్లో డాక్టరు చదువుకి ఇద్దరికీ ఈ క్యాంపస్సే కావాలన్నారు.”