కొంగ అనకూడని చోట

ఆదివారం పొద్దున్నే కారెక్కబోతూ అత్తగారు మామగారి చెవిలో ఒక షరతు పెట్టారు.

"అక్కడ మాత్రం మీ నోట ఆ మాట రాకూడదు."

ఆ మాట "కొంగ". పొడుగ్గా, సన్నగా, మెడ ముందుకు చాచి నడిచే కొత్త అల్లుడికి ఇంట్లో చాటుగా పెట్టుకున్న పేరు. అల్లుడు బంగారంలాంటి మనిషి. ఈ సంగతి తెలిస్తే మళ్ళీ గడప తొక్కడేమోనని ఆవిడ బెంగ. కాలికి కట్టుతో ఇల్లు కదలని మామగారికి కాస్త గాలి మారుతుందని అల్లుడు ఏరికోరి అందరినీ తీసుకెళ్తున్నది మాత్రం చిత్తడి నేలల్లో పక్షుల్ని చూడ్డానికి.

అక్కడ చక్రాల కుర్చీలు కూడా వెళ్ళేలా నీళ్ళ మీద చెక్కబాట వేశారు. ఎటు చూసినా కొంగలే.

"ఎన్ని కొంగలో చూశారా మామయ్యగారూ!" అన్నాడు అల్లుడు, కుర్చీ తోస్తూ. మామగారికి పొలమారింది.

"అవునవును. తెల్లగా, పొడుగ్గా... బాగున్నాయి," అన్నారు అత్తగారు ఆచితూచి. కూతురు అటు తిరిగి నవ్వు ఆపుకుంది.

బాట చివర కాస్త పల్లం. బైనాక్యులర్స్ తీయడానికి అల్లుడు కుర్చీ వదిలాడు. కుర్చీ తన దారిన తాను బయలుదేరింది. కంగారులో మామగారి నోటికి ఇంట్లో అలవాటైన మాటే వచ్చింది.

"కొంగా! పట్టుకో!"

అల్లుడు బైనాక్యులర్స్ కళ్ళకు ఆనించి ఆకాశమంతా గాలించాడు. "ఎక్కడండీ? ఏ వైపు?"

"అయ్యో, జారిపోతోంది! పట్టుకోండి!" అంటూ అత్తగారు గడ్డం కింద మడత ఊగుతుంటే పరుగెత్తారు.

కుర్చీ బాట అంచున ఉన్న అడ్డచెక్కకు కొట్టుకుని ఆగింది. పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఈల వేస్తూ గార్డు వచ్చాడు.

"పక్షుల్ని పట్టడం నేరమని తెలీదా? పదండి ఆఫీసుకి."

"నేను పట్టుకోమంది కుర్చీనయ్యా," అన్నారు మామగారు.

"మరి కొంగా అని అరిచారెందుకు? నా చెవులారా విన్నాను."

మామగారు నేల చూపులు చూశారు. అల్లుడు అమాయకంగా ఆయన వైపే చూస్తున్నాడు. అత్తగారికి ఏడుపొక్కటే తక్కువ.

"కొంగంటే... మా అల్లుడు బాబూ," అన్నారు మామగారు చివరికి.

గార్డు అల్లుణ్ణి పైనుంచి కింది దాకా ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

"ఏమీ అనుకోకండి బాబూ," అన్నారు అత్తగారు.

"భలేవారే అత్తయ్యగారూ! పెళ్ళయిన వారానికే మీ అమ్మాయి చెప్పేసింది. మేమూ మీకో పిట్ట పేరు పెట్టుకున్నాం లెండి."

కూతురు మొగుడి కాలు తొక్కింది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

తిరిగొచ్చేటప్పుడు దారిలో పెట్టిన పక్షుల బొమ్మలన్నిటినీ అత్తగారు ఓపిగ్గా చూశారు, గొంతు కింద సంచి వేలాడే గూడబాతును తప్ప.