కుళాయి గారి సంజాయిషీ

సృష్టిలో ఏ పదార్థమైనా ఘనం, ద్రవం, వాయువు అనే మూడు స్థితుల్లో ఉంటుందని బడిపుస్తకాలు చెబుతాయి. ఈ మూడింటినీ ఒకే కుళాయిలోంచి, ఒకే పూటలో ప్రజలకు అందించిన ఘనత మాత్రం ఊరి చివర కాలనీకి నీళ్ళిచ్చే నీటి సరఫరా కార్యాలయానిదే. తెల్లవారగానే మొదట బుస్సుమంటూ గాలి వస్తుంది. తర్వాత నీళ్ళు వస్తాయి. నీళ్ళు ఎండాక సున్నం మిగులుతుంది. (సున్నానికి విడిగా రుసుమేమీ లేదు. పెద్ద మనసు.)

కాలనీ జనం సర్దుకుపోయారు. బకెట్ల అంచులకు తెల్లటి గట్లు కట్టాయి. షవర్ల చిల్లులు ఒకటొకటిగా పూడుకుపోయి, మిగిలిన ఒక్క ధార కింద ఇంటిల్లిపాదీ ఒంటిని అటూ ఇటూ తిప్పుకుంటూ స్నానాలు కానిచ్చేవారు. తలంటుకున్న జుట్టు చీపురులా నిలబడేది. మనిషన్నాక దేనికైనా అలవాటు పడతాడు కదా. పడలేనివాడు కాలనీ మొత్తానికి ఒక్కడే, నురగ బాబాయి.

కాలనీ మొదట్లో ఉన్న రెండు కుర్చీల సెలూన్ ఆయనది. గిన్నెలో సబ్బు వేసి, నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, బ్రష్షుతో నాలుగు తిప్పులు తిప్పాడంటే నురగ గిన్నె దాటి పొంగేది. ఆ నురగ చెంపకు తగలగానే కస్టమర్లు కళ్ళు మూసుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పని కష్టాలు చెప్పుకునేవారు. పేరు అలా వచ్చింది. ఆయన భార్యకు ఏ పాపం తెలియకపోయినా నురగ పిన్ని అనే పేరు ఖాయమైంది.

అలాంటి చేతికి, నీళ్ళలో సున్నం ఎక్కువైన దగ్గర్నుంచి నురగ రావడం లేదు. ఎంత తిప్పినా గిన్నెలో పెరుగు విరిగినట్టు తెల్లటి తరకలు తేలుతున్నాయి తప్ప, పొంగడమన్నది లేదు. గీయించుకున్నవాళ్ళు చెంపలు తడుముకుంటూ, "ఏంటి బాబాయ్, గడ్డం గీశావా, తోలు తీశావా?" అని ఒకసారి నవ్వారు. రెండోసారి నవ్వలేదు. మూడోసారి రాలేదు. వీధిలో గడ్డాలు పెరిగిపోయాయి. ఎదురింటి దర్జీకైతే సన్యాసం పుచ్చుకున్న కళ వచ్చేసింది.

డబ్బాలో పట్టి అమ్మే నురగ కొట్టుకోవచ్చు కదా అని ఎవరో సలహా ఇచ్చారు. చెయ్యి తిరిగిన వంటవాడికి హోటల్ పొట్లం చూపించినట్టయింది ఆయనకు. పోనీ, తాగడానికి కొనే డబ్బా నీళ్ళే గడ్డాలకూ వాడదామా అంటే, ఆ ఖర్చుకి చివరికి గీసేది ఎదుటివాడి గడ్డం కాదు, తన గొంతే. నురగ రావాలి, కుళాయి నీళ్ళతోనే రావాలి. లేదంటే దుకాణం మూసేయాలి. ఆయనకు భయం వేసింది. కస్టమర్లు లేనప్పుడల్లా గిన్నెను ముందేసుకుని తిట్టేవాడు.

"ఏవండీ, గిన్నెను తిట్టుకుంటూ కూర్చుంటే ఏమొస్తుంది? ఆఫీసువాళ్ళకి చెబుదాం, ఆ ఫోనిటివ్వండి," అంది పిన్ని.

నీటి సరఫరా యాప్ ప్రజల సౌకర్యం కోసం ఫిర్యాదులను ముందే రాసి పెట్టింది. 'నీళ్ళు రాలేదు', 'నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి', 'నీళ్ళు బాగున్నాయి', 'ఇతరములు'. పిన్ని ఇతరములు నొక్కి, 'నీళ్ళు చాలా కఠినంగా ఉన్నాయి' అని రాసింది. స్కూల్లో చదువుకున్న మాట, ఇన్నాళ్ళకు పనికొచ్చిందని సంతోషించింది కూడా. వెంటనే యాప్ 'ఎవరి పట్ల?' అని అడిగింది. జవాబివ్వకపోతే ముందుకు కదలనంది. పిన్ని కాసేపు ఆలోచించి 'మా ఆయన పట్ల' అని రాసింది.

ఫిర్యాదు నేరుగా ప్రవర్తన విభాగానికి వెళ్ళింది.

సిబ్బంది ప్రజలతో దురుసుగా మాట్లాడినప్పుడు విచారించడానికి పెట్టిన విభాగం అది. సిబ్బంది కౌంటర్లలో ఉండటం మానేశాక దురుసుగా మాట్లాడేవాళ్ళు లేక, ఏళ్ళ తరబడి చేతినిండా ఖాళీతో ఉంది. దాంతో విచారణాధికారి మర్నాడే పెళ్ళివారింటికి వచ్చినంత హుషారుగా సెలూన్‌కు వచ్చి, కుర్చీలో కూర్చుని కలం తీశాడు.

"నీరు మీ పట్ల కఠినంగా ప్రవర్తించడం ఎప్పట్నుంచి మొదలైంది?"

"ప్రవర్తించడం కాదు సార్. నీళ్ళే కఠినం. సున్నం ఎక్కువైంది."

"అంతకుముందు మీ మధ్య ఏమైనా మనస్పర్థలున్నాయా?"

"నీళ్ళతోనా?"

"ప్రశ్నకు ప్రశ్న జవాబు కాదు."

బాబాయి బిత్తరపోయి బకెట్ తెచ్చి చూపించాడు. అధికారి దాని అంచును వేలితో గోకి, పొడిని వెలుతురులో పరీక్షగా చూశాడు. "తెల్లగా ఉందే. తెలుపు స్వచ్ఛతకు గుర్తు. ఇది మీకు వ్యతిరేక సాక్ష్యమవుతుంది, ఆలోచించుకోండి," అన్నాడు.

అయినా సహజ న్యాయమంటూ ఒకటుంది కాబట్టి అవతలి పక్షం వాదన కూడా వినాలి. 'మీపై వచ్చిన ఆరోపణకు గడువులోగా సంజాయిషీ ఇవ్వవలెను' అని కుళాయి పేర నోటీసు తయారైంది. దాన్ని కుళాయికే అంటించారు. (మొదటి తడికే ఊడిపోయింది. అందుకున్నట్టు రాసుకున్నారు.)

గడువు ముగిసింది. కుళాయి నోరు విప్పలేదు.

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. అంగీకారం సగమే కనుక నేరమూ సగమే రుజువైంది. కాబట్టి శిక్ష కూడా సగమే ఉండాలని నిర్ణయించి, ఆ కాలనీకి ఇకపై నీళ్ళు రోజు విడిచి రోజు వదలాలని ఉత్తర్వు వేశారు. కుళాయికి బుద్ధి వచ్చిందో లేదో తెలియదు గానీ, జనం మాత్రం బాబాయి మీద విరుచుకుపడ్డారు. "నీ నురగ కోసం మా నోట్లో మట్టి కొట్టావు కదయ్యా!" అన్నాడు దర్జీ, గడ్డం సవరించుకుంటూ.

బాబాయి నీరుకారిపోయాడు. "నీళ్ళూ వద్దు, న్యాయమూ వద్దు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని రాసెయ్యవే," అన్నాడు. పిన్ని యాప్ తెరిచింది. వెనక్కి తీసుకోవడానికి మీట లేదు. పైకి తీసుకెళ్ళడానికి ఉంది. వేరే దారి లేక దాన్నే నొక్కింది.

ఈసారి అదే అధికారి అధ్యక్షతన మృదుత్వ సంఘం వచ్చింది. (పైకి వెళ్ళిన ఫిర్యాదు మళ్ళీ కిందికి రావడానికి ఎంతోసేపు పట్టదు.) సభ్యులు ఒక్కొక్కరే బకెట్లో వేలు ముంచారు. అందరి వేళ్ళూ దిగాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాబట్టి నీరు మృదువుగానే ఉన్నదనీ, నురగ రాకపోవడానికి స్థానికుల చెంపల కాఠిన్యమే కారణమనీ ఏకగ్రీవంగా తేల్చారు. అందరూ చూసేలా గోడకు తగిలించుకోమని ఆ మాటే బాబాయికి రాసిచ్చారు. ఆయన తగిలించాడు. ఎందుకు తగిలించావని పిన్ని అడిగితే, "మేకు ఖాళీగా ఉంది," అన్నాడు.

ఇంత జటిలమైన ఫిర్యాదును తేల్చినందుకు అధికారికి సన్మానం ఖరారైంది. ఫొటో దిగాలంటే గడ్డం నున్నగా ఉండాలి. సన్మానం రోజు ఉదయం ఆయన దారిలో కనిపించిన సెలూన్ ముందు కారాపి, లోపలికొచ్చి కూర్చున్నాడు. ఏమవుతుందో చూద్దామని దర్జీ కూడా వెనకాలే వచ్చి రెండో కుర్చీలో సర్దుకున్నాడు.

బాబాయి గిన్నెలో సబ్బు వేసి, కుళాయి నీళ్ళు చిలకరించి తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. తరకలు తేలాయి.

"ఏంటయ్యా, నురగ రాదేం?"

"నీళ్ళు మెత్తనివే సార్, మీరే రాసిచ్చారు," అని బాబాయి గోడకేసి చూపించాడు. "తమరి చెంపే కాస్త కఠినంగా ఉన్నట్టుంది."

అధికారి నీళ్ళు నమిలాడు. (ఆ కాలనీలో నీళ్ళు నమలడం పెద్ద వింతేమీ కాదు.) తర్వాత కిటికీలోంచి చెయ్యి ఊపాడు. డ్రైవర్ కారులోంచి నీళ్ళ డబ్బా ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇంటినుంచి తెచ్చుకున్నవి. కడుపుకి పడవులే ఈ కుళాయి నీళ్ళు," అన్నాడు అధికారి గొంతు తగ్గించి.

బాబాయి ఆ నీళ్ళు నాలుగు చుక్కలు వేసి బ్రష్షు తిప్పాడు. నురగ లేచింది. గిన్నె నిండి, అంచు దాటి, ఆయన మణికట్టు మీదికి పొంగింది. ఎన్నాళ్ళకు! ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా ఉన్నది ఎవరి గడ్డమన్న సంగతే మర్చిపోయి, సొంత కొడుక్కి గీసినంత ప్రేమగా గీశాడు. కత్తి జారింది తప్ప గీసినట్టే లేదు. దర్జీ గుటకలు మింగుతూ చూశాడు.

అధికారి అద్దంలో చెంప నిమురుకున్నాడు. నున్నగా మెరిసిపోతోంది.

"చూశావా? నీళ్ళు మృదువుగానే ఉన్నాయని నేను చెప్పలేదూ?" అన్నాడు.

'ఫిర్యాదుదారుని సమక్షంలో, అతని చేతులతోనే నురగ రుజువైనది' అని ఫోనులో నమోదు చేసి ఫిర్యాదు మూసేశాడు. లేచి, దర్జీ భుజం తట్టి, "ఇక నీ వంతేనయ్యా," అన్నాడు.

వెళ్ళేటప్పుడు డబ్బా మూత గట్టిగా బిగించి, దాన్ని మాత్రం మరిచిపోకుండా పట్టుకెళ్ళాడు.