డిస్కరేజ్ చేసినవారు కావలెను

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు 'డి' అక్షరం దగ్గర ఆగిపోయిందని తెలియజేయడానికి నిఘంటు కార్యాలయం చింతిస్తోంది. ఇరవై రెండేళ్లుగా నిరాటంకంగా సాగిన మహాకార్యం ఒక్క క్రియ దగ్గర చతికిలబడింది. ఆ క్రియ డిస్కరేజ్. అర్థం తెలియక కాదు. ఒకరి ఉత్సాహం మీద నీళ్లు చల్లడం, లేవబోయిన మనిషిని మాటలతోనే కూర్చోబెట్టడం అని కార్యాలయంలో అందరికీ తెలుసు. అడ్డు వచ్చింది పదమూడో నిబంధన.

ఏ క్రియనైనా నిఘంటువులో చేర్చాలంటే, ఆ పని స్వయంగా చేసినవారు ఇద్దరు ఆ మాట రాసిన చీటీ మీద సంతకం పెట్టాలని ఆ నిబంధన చెబుతుంది. ఇతర పుస్తకాలు చూసి అర్థాలు రాయడం ప్రధాన సంపాదకుడి దృష్టిలో చిన్నతనం. ఇంతవరకూ సాక్షులకు కరువు రాలేదు. 'బోర్' అనే మాటకు, అంటే విసిగించడానికి, ప్రధాన సంపాదకుడే ముద్ర వేసి మరీ సంతకం చేశారు. 'క్రాల్'కు, అంటే పాకడానికి, ప్రమోషన్ వచ్చిన ఇద్దరు సహాయకులు ముందుకొచ్చారు. 'డిసీవ్'కు లెక్కల గుమస్తా సంతకం పెట్టి, తానెప్పుడూ ఎవరినీ మోసం చేయలేదనీ, సంపాదక సంఘాన్ని నమ్మించడానికే పెట్టాననీ మర్నాడు చెప్పాడు. దాంతో ఆ మాట మరింత గట్టిగా రుజువైందని సంఘం హర్షం ప్రకటించింది.

డిస్కరేజ్‌కు సాక్షులను పట్టుకునే పని చీటీలమ్మ మీద పడింది. ఇరవై రెండేళ్లుగా చీటీలు రాసి, అతికించి, అరల్లో సర్దే ఉద్యోగిని కాబట్టి ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. అర్థాల్లో సగం ఆమె రాసినవే. కింద సంతకాలు మాత్రం ఉపసంపాదకులవి. ఆ ఉపసంపాదకుల కుర్చీల్లో ఒకటి ఇప్పుడు ఖాళీ అయింది. దరఖాస్తుకు గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు. నలభై ఆరో ఏట చీటీలమ్మకు ఆ కుర్చీ కావాలనిపించింది. గట్టిగానే కావాలనిపించింది. ఒక చేతిలో దరఖాస్తు, ఇంకో చేతిలో ఖాళీ చీటీ పట్టుకుని ముందుగా ప్రధాన సంపాదకుడి గదికి వెళ్లింది.

ఆయన దరఖాస్తు చూసి కళ్లజోడు తీసి, మృదువుగా ఉపన్యసించారు. "చూడమ్మా, ఆ కుర్చీ ముళ్లకిరీటం. చీటీల గదిలో నువ్వు మహారాణివి. రేపు ఇంటర్వ్యూలో నలుగురు నాలుగు ప్రశ్నలు వేస్తే, ఈ వయసులో పరువు పోగొట్టుకోవడం దేనికి?"

చీటీలమ్మ వినయంగా చీటీ ముందు పెట్టింది. "సార్, అయితే ఇక్కడ ఒక సంతకం."

ఆయన మొహం ఎర్రబడింది. "నిన్ను నేను నిరుత్సాహపరిచానా? నీ మంచి కోరి నాలుగు మాటలు చెప్పాను."

లెక్కల గుమస్తా గొంతు తగ్గించి చెప్పాడు. "అక్కా, వాళ్ల మనిషిని వాళ్లు ఎప్పుడో చూసుకుని ఉంటారు. ఊరికే ఆశలు పెట్టుకోకు." మోసానికి జంకకుండా సంతకం పెట్టిన ఆ ధైర్యశాలి ఈ చీటీని మాత్రం వేలితో కూడా ముట్టలేదు. ఉన్నమాట చెప్పడం నేరమెలా అవుతుందన్నాడు.

ఇంట్లోనూ సంతకం దొరకలేదు. మన వంశంలో ఎవరు చేశారమ్మా అంత ఉద్యోగం అన్న అన్నగారు, తోడబుట్టినవాడిగా హెచ్చరించానే తప్ప ఇంకేమీ లేదన్నాడు. భర్త అసలు నోరే విప్పలేదు. దరఖాస్తు మొదటి నుంచి చివరిదాకా చదివి, మడిచి, ఒక నవ్వు నవ్వి తిరిగి ఇచ్చాడు. మాట్లాడనివాణ్ణి సాక్ష్యానికి ఎలా లాగుతావని తర్వాత అడిగాడు.

గురువారం సాయంత్రం చీటీ ముందేసుకుని కూర్చున్న చీటీలమ్మ దగ్గరికి కూతురు వచ్చింది. "అమ్మా, వెల్డింగ్ కోర్సులో చేరతానే. ఫారం తెచ్చాను."

"వెల్డింగా? కళ్లు పోతాయి. ఆడపిల్లలెవరైనా ఉన్నారా అందులో? నీ మంచి కోరే చెబుతున్నా," అంది చీటీలమ్మ తల ఎత్తకుండానే.

పిల్ల ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, పుస్తకంలో దోపుకుని లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు తలెత్తిన చీటీలమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వారం రోజులుగా ఒక్కొక్కరి మీద పళ్లు నూరుతున్న మనిషి, వాళ్ల మాటే వాళ్ల గొంతుతోనే పలికింది. చీటీ మీద మొదటి గీత దగ్గర సంతకం పెట్టి, తేదీ వేసింది. లోపలికి వెళ్లి ఫారం మడతలు తనే విప్పింది.

"చేరవే. ఇందాక నేనన్నది తప్పు," అంది.

శుక్రవారం ఉదయం ఆమె దరఖాస్తునూ, ఆ చీటీనీ కలిపి కార్యాలయంలో అందజేసింది. సంఘం అత్యవసరంగా సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది. సాటి మనిషిని నిరుత్సాహపరిచినట్టు స్వహస్తాలతో ఒప్పుకున్న వ్యక్తిని బాధ్యతగల స్థానంలో కూర్చోబెట్టడం సంస్థ ఆదర్శాలకు విరుద్ధమనీ, అటువంటి దోషం కార్యాలయంలో మరెవరికీ లేదని రికార్డులే చెబుతున్నాయనీ తీర్మానం సారాంశం. దరఖాస్తు తిరస్కరించారు. ఆమెలోని నిజాయితీని మాత్రం చప్పట్లతో అభినందించారు.

చీటీ మీద రెండో గీత ఖాళీగానే ఉంది. సాక్షి కావాలని గేటుకు ప్రకటన అంటించి మూడు నెలలైంది. తల్లిదండ్రులు, పంతుళ్లు, మేనేజర్లు, మేనమామలు రోజూ ఆగి చదువుతున్నారు, పాపం ఎవరు చేసి ఉంటారో అని జాలిపడి వెళ్తున్నారు. మీ సంగతి మాకు తెలుసు. మీరూ ఎవరినీ అలా అని ఉండరు, మంచి కోరి చెప్పి ఉంటారు. అందుకే కార్యాలయం చిరునామా ఇక్కడ ఇవ్వడం లేదు.