చుక్క కాలని డీజిల్

మన డీజిల్ తల్లిపాలంత స్వచ్ఛమైనదని ఇంధన శాఖ మంత్రిగారు మైకు ముందు నిలబడి ప్రకటించారు. ఆ మాట విన్నాక మా ఇంటికి పాలు పోసే ఆయన మీద నాకు చిన్నచూపు కలిగింది. ఎన్ని నీళ్ళు కలిపినా ఆయన ఏనాడూ ఇంత ధైర్యంగా మాట్లాడి ఎరగడు.

నాది టాక్సీ. మంత్రిగారి ప్రకటన వెలువడే సమయానికి అది మా బావమరిది షెడ్డులో బానెట్ తెరుచుకుని పడి ఉంది. బావమరిది మెకానిక్కు. ఫిల్టర్ విప్పి అందులోది గాజు సీసాలోకి వంచాడు. కాసేపటికి నీళ్ళు అడుక్కి దిగాయి, డీజిల్ పైకి తేలింది.

"పంపు తుప్పు పట్టేసింది బావా. ఇంజెక్టర్లు పోయాయి. ఇంక ఇంజను మార్చాల్సిందే," అన్నాడు.

టాక్సీ కదలకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. సీసా పట్టుకుని క్వాలిటీ ఆఫీసరు గారి దగ్గరికి పరుగెత్తాను. ఊళ్ళో టాక్సీవాళ్ళు సగంమంది, షుగర్ టెస్టుకు వచ్చినట్టు, తలా ఒక సీసాతో అప్పటికే వరండాలో కూర్చుని ఉన్నారు.

ఆఫీసరు గారు బాగా చదువుకున్న మనిషి. నా సీసాను కిటికీ వెలుతురులో పెట్టి చూశారు.

"ఈ పై సగం చూడండి, ఎంత నిర్మలంగా ఉందో. మనిషన్నవాడు మంచినే చూడాలి."

"కింది సగం సంగతి సార్?"

"అది మా పరిధిలోకి రాదు. మంచినీళ్ళ శాఖవాళ్ళని అడగండి."

తరవాత గొంతు తగ్గించి అసలు విషయం చెప్పారు. పుకార్ల నోరు మూయించడానికి మంత్రిగారు ఒక సామాన్యుడి కారులో, మన బంకు డీజిల్‌తో, ప్రజల ఎదుట ప్రయాణం చేస్తారట. నా కారు ఇస్తే కొత్త ఇంజను తన పూచీ అన్నారు.

"నా కారు కదలదు సార్."

"కదిలే కారు ఊళ్ళో దొరికితే మిమ్మల్నెందుకు అడుగుతామండీ?"

ఇలాంటి చిక్కుముడులు విప్పడానికే ప్రభుత్వం ఆయన్ని పోషిస్తోంది. ఊరి చివర మంచి వాలున్న రోడ్డు చూశారు. వాలు మొదట్లో రిబ్బను కట్టించి, పల్లంలో వేదిక వేయించారు. డిక్కీలో స్పీకరు దాచి, ఆరోగ్యంగా ఉన్న ఇంజను చప్పుడు రికార్డు చేసి పెట్టారు. ఆ చప్పుడు ఆయన సొంత కారుది. ఆయన సరిహద్దు దాటి వెళ్ళి డీజిల్ కొట్టించుకుంటారు.

"ఇంజను ఆగి ఉంటే బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది బావా, జాగ్రత్త," అన్నాడు బావమరిది.

మంత్రిగారు వెనక సీట్లో ఆసీనులయ్యారు. నలుగురు ఉద్యోగులు వీడ్కోలు చెబుతున్నట్టుగా కారుకి చేతులానించి ఒక్క తోపు తోశారు. స్పీకరు గర్జించింది.

"పికప్ అదిరిందయ్యా," అన్నారు మంత్రిగారు.

వేదిక వచ్చింది. రెండు కాళ్ళూ పెట్టి తొక్కినా బ్రేకు నా మాట వినలేదు. కారు వేదికను దాటి, ఎదుటి ఎత్తు సగం ఎక్కి, కాస్త ఆలోచించి, వెనక్కి బయల్దేరింది.

"రివర్స్‌లో కూడా ఎంత స్మూత్‌గా ఉందో," అన్నారు మంత్రిగారు. అలా ఊయల ఊగినట్టు అటూ ఇటూ తిరిగి, చివరికి వేదిక ముందే ఆగింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆఫీసరు గారు అందరి ముందూ ట్యాంకులోని డీజిల్ బయటికి తీయించి కొలిపించారు. పోసినంతా ఉంది. చుక్క కూడా కాలకుండా కారు నడిపించే డీజిల్ ప్రపంచంలో మనదొక్కటేనని మంత్రిగారు గద్గద స్వరంతో ప్రకటించారు. కొత్త ఇంజను కళ్ళ ముందు మెదిలి నేనూ చప్పట్లు కొట్టాను.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి ఇంజను సంగతి కదిపాను.

"ఇంజనేమిటి? మంత్రిగారు స్వయంగా ఎక్కి తిరిగిన కారుకి ఇంజను పాడైందంటే ఆయన అబద్ధమాడారని కదా అర్థం?" అన్నారు ఆఫీసరు గారు నొచ్చుకుంటూ. "మీ ఫిర్యాదు కొట్టేశాం. మీ కారు పుణ్యమా అని వరండాలో వాళ్ళవీ కొట్టేశాం. ఇంత సేవ ఇంకెవరూ చేయలేదు."

వరండాలో వాళ్ళు నన్నన్న మాటలు పేపర్లో వేసేవి కావు. ఒళ్ళు మండినా పడ్డాను. తిట్టి తిట్టి అలిసిపోయాక, ఇక మంత్రిగారికే మొరపెట్టుకుందాం అన్నారు. మాట నమ్మరు కాబట్టి కారునే చూపించాలి. మంత్రిగారి బంగళా గుట్ట మీద ఉంది.

స్టీరింగు దగ్గర నేను, వెనక బావమరిది, టాక్సీవాళ్ళు. ఎండలో, నాలుకలు బయటపెట్టి, మలుపు మలుపుకీ చక్రాల కింద రాళ్ళు పెట్టుకుంటూ గుట్ట మీదికి తోశాం. మంత్రిగారు వరండాలో కాఫీ తాగుతున్నారు. పక్కనే ఆఫీసరు గారు ఉన్నారు.

"సార్, ఈ కారు నడవదు," అన్నాను ఎలాగో.

మంత్రిగారు కప్పు కింద పెట్టారు. కారుకేసి చూశారు, మేం వచ్చిన రోడ్డుకేసి చూశారు, ఆఫీసరు గారికేసి చూసి చిన్నగా నవ్వారు.

"నడవని కారు ఇంత ఎత్తుకి ఎలా వచ్చిందయ్యా?"

జవాబు చెప్పడానికి మాలో ఎవరికీ ఊపిరి లేదు.